స్టేక్స్ పెంచే ముందు, దిగే గీత గీసుకోండి

“ఎన్ఎల్25లో బాగానే గెలుస్తున్నాను, ఎన్ఎల్50కి ఎప్పుడు వెళ్లొచ్చు?” ఆన్‌లైన్ పోకర్‌లో తాము ఆడిన హ్యాండ్లు (ముక్కలు పంచిన ఒక్కో ఆట) నాతో కూర్చుని సమీక్ష చేసుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఎన్ఎల్25, ఎన్ఎల్50 అంటే 25, 50 డాలర్లతో కూర్చునే టేబుళ్లు, స్టేక్స్ అంటే ఆ పందేల స్థాయి. నేను ఎదురు ఒకటే అడుగుతాను: “వెళ్లాక ఎంత పోతే వెనక్కి వస్తారు?” దానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఎక్కడానికి ఎన్ని బైఇన్‌లు (టేబుల్ దగ్గర కూర్చునేటప్పుడు ముందు పెట్టుకునే డబ్బు) కావాలో మాత్రం అందరికీ కంఠతా వచ్చు. ఆ రెండో అంకె కాగితం మీద పడేదాకా పై టేబుల్ తెరవొద్దంటాను. అంత పట్టుబట్టడానికి కారణం లెక్కల్లోనే ఉంది.

ముందు ఒకటి రెండు విషయాలు. నేను ఆడేది సిక్స్-మ్యాక్స్ నో-లిమిట్ హోల్డెమ్ క్యాష్ గేమ్ (ఆరుగురికి మించని టేబుల్‌లో, పందేనికి పరిమితి లేకుండా, నేరుగా డబ్బుతో ఆడే పోకర్), కాబట్టి కింది లెక్కలన్నీ దానికి సంబంధించినవే. బ్యాంక్‌రోల్ అంటే పోకర్ కోసమే విడిగా పెట్టుకున్న డబ్బు. అద్దె, అప్పుల వాయిదాలు, ఇంటి ఖర్చు అందులోకి రావు. ఆ మొత్తమంతా పోయినా ఇంట్లో ఏ పనీ ఆగకూడదు. మీరున్న చోట డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం చట్టబద్ధమో కాదో చూసుకోవాల్సింది ఖాతా తెరవకముందే. ఇంకో మాట కూడా చెప్పాలి. బ్యాంక్‌రోల్ నిర్వహణ కాపాడేది గెలిచే ఆటగాణ్నే. ఓడే ఆటగాడికి వంద బైఇన్‌లు ఇచ్చినా పోగొట్టుకోవడానికి ఎక్కువ రోజులు పడతాయి, అంతే. మీ విన్‌రేటు ఇంకా సున్నా కింద ఉంటే స్టేక్స్ సంగతి పక్కన పెట్టి ఆట మీద పని చేయండి.

విన్‌రేటు, ఊగిసలాట

ట్రాకర్ (ఆడిన హ్యాండ్లన్నీ నమోదు చేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి విన్‌రేటు, అంటే వంద హ్యాండ్లకు ఎన్ని బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టే పందెం, బైఇన్‌లో వందో వంతు) గెలుస్తున్నారో. రెండోది స్టాండర్డ్ డీవియేషన్, ఫలితాలు సగటు నుంచి ఎంత దూరం ఊగుతున్నాయో. సిక్స్-మ్యాక్స్‌లో ఈ రెండోది మామూలుగా వంద హ్యాండ్లకు 80 నుంచి 100 బిగ్ బ్లైండ్ల మధ్య ఉంటుంది. నేను 90 అని వేసుకుంటాను. అందరూ మొదటి అంకెనే చూసి మురుస్తారు, కానీ బ్యాంక్‌రోల్ ఎంత ఉండాలో చెప్పడంలో రెండోదానికి పాత్ర ఎక్కువ.

వందకు 5 బిగ్ బ్లైండ్లు గెలిచే మంచి ఆటగాణ్ని తీసుకోండి. 10,000 హ్యాండ్లలో అతనికి రావాల్సింది 500 బిగ్ బ్లైండ్లు, అంటే 5 బైఇన్‌లు. అదే 10,000 హ్యాండ్లలో ఊగిసలాట 900 బిగ్ బ్లైండ్లు, అంటే 9 బైఇన్‌లు. గెలవాల్సిన దానికన్నా ఊగేదే ఎక్కువ. ఆ 10,000 హ్యాండ్ల చివర అతను నష్టంలో ఉండే అవకాశం సుమారు 29 శాతం. ఆటలో ఏ లోపమూ లేకుండానే! 50,000 హ్యాండ్లకు వెళ్లినా ఆ అవకాశం ఇంకా 11 శాతం దగ్గర ఉంటుంది.

దీన్నే తిరగేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 50,000 హ్యాండ్ల తర్వాత మీ ట్రాకర్ 5 అని చూపిస్తుంటే, మీ అసలు విన్‌రేటు మైనస్ 3 నుంచి 13 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే స్టేక్స్ గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు ట్రాకర్ చూపించిన అంకెను నేను సగం చేసి వాడతాను. దీని వెనక గొప్ప సిద్ధాంతమేమీ లేదు. గెలుస్తున్న నెలలోనే పైకి వెళ్లాలనిపిస్తుంది, ఆ నెలలోనే ట్రాకర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ రెండూ కలిసొచ్చే చోట నా మీద నాకు అదుపు కావాలి కాబట్టి ఆ సగం.

ఎన్ని బైఇన్‌లు?

దీనికో సూత్రం ఉంది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క గడిలో పడుతుంది. రెండును విన్‌రేటుతో, దాన్ని బ్యాంక్‌రోల్‌లో ఉన్న బిగ్ బ్లైండ్ల సంఖ్యతో హెచ్చవేయండి. వచ్చినదాన్ని స్టాండర్డ్ డీవియేషన్ వర్గంతో భాగించండి. ముందు మైనస్ గుర్తు పెట్టి, 2.718కి దాన్ని ఘాతంగా వేయండి. ఒకే స్టేక్‌లో ఎప్పటికీ ఆడుతూ పోతే డబ్బంతా అయిపోయే అవకాశం ఎంతో అది చెబుతుంది.

స్టాండర్డ్ డీవియేషన్ 90, విన్‌రేటు 5 అనుకుంటే 20 బైఇన్‌లకు దివాలా అవకాశం 8.5 శాతం. 30 బైఇన్‌లకు 2.5. 40కి ఒక శాతం కన్నా తక్కువ. బాగానే ఉందనిపిస్తుంది. ఇప్పుడు విన్‌రేటును 2కి దించండి: 20 బైఇన్‌లకు 37 శాతం, 30కి 23. యాభై బైఇన్‌లు ఉంటేగానీ 8.5కి రాదు. “ముప్పై బైఇన్‌లు చాలు” అనే మాట ఒకరికి నిజం, ఇంకొకరికి ప్రమాదం. బొటాబొటీగా గెలిచే ఆటగాడికే ఎక్కువ బైఇన్‌లు కావాలి. బాగా గెలిచేవాడు తక్కువతో నెట్టుకురాగలడు. జనం మాత్రం సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు. గెలుపు నెమ్మదిగా ఉందని విసుగొచ్చి, తక్కువ బైఇన్‌లతో పైకి దూకుతారు.

ఇదే విషయం ఇంకో దారిలోనూ తేలుతుంది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో ఒక సూత్రం ప్రచురించాడు. మనకు అనుకూలంగా ఉన్న పందెంలో ఉన్న డబ్బులో ఎంత భాగం పెడితే దీర్ఘకాలంలో డబ్బు అన్నిటికన్నా వేగంగా పెరుగుతుందో అది చెబుతుంది. దాన్ని పోకర్‌కు అన్వయిస్తే, స్టాండర్డ్ డీవియేషన్ వర్గాన్ని విన్‌రేటుతో భాగించగా వచ్చేదే కావాల్సిన బ్యాంక్‌రోల్. 8,100ను 5తో భాగిస్తే 1,620 బిగ్ బ్లైండ్లు, అంటే 16 బైఇన్‌లు. పూర్తి కెల్లీ ప్రకారం ఆడితే ఊగిసలాట మనిషి తట్టుకోలేనంత ఉంటుంది, పైగా మన విన్‌రేటు ఎంతో మనకే కచ్చితంగా తెలియదు. అందుకని తెలిసినవాళ్లు సగం కెల్లీతో (పందెం భాగాన్ని సగం చేసి) సరిపెట్టుకుంటారు, అంటే 32 బైఇన్‌లు. ముప్పై అనే పాత లెక్క గాల్లోంచి ఊడిపడలేదన్నమాట.

పైకి వెళ్లాక మారేది

పై స్టేక్‌లో విన్‌రేటు తగ్గుతుంది. తగ్గదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అక్కడ ఫ్లాప్‌కు (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలకు) ముందు త్రీ-బెట్లు (ఒకరు పెంచిన పందేన్ని మళ్లీ పెంచడం) ఎక్కువ, ఉత్తినే కాల్ చేసి (అవతలివాళ్ల పందేనికి సమానంగా పెట్టి) వచ్చేవాళ్లు తక్కువ. మీరు పందెం పెంచి అందర్నీ తప్పించి బ్లైండ్ దొంగిలిస్తుంటే ఊరుకోరు. మీకు కలిసొచ్చేది ఒకటుంది, రేక్. ప్రతి పాట్‌లో (హ్యాండ్‌లో పోగైన పందెం డబ్బులో) సైటు కొంత శాతం తీసుకుంటుంది, దానికో పరిమితి ఉంటుంది. స్టేక్స్ పెరిగే కొద్దీ ఆ పరిమితి బిగ్ బ్లైండ్ల లెక్కలో చిన్నదవుతుంది. కాబట్టి చిన్న స్టేక్స్‌లో రేక్ బరువు ఎక్కువ, పైకి వెళ్లే కొద్దీ తేలికవుతుంది. ఆ లాభం గట్టి ప్రత్యర్థుల వల్ల వచ్చే నష్టాన్ని పూర్తిగా పూడ్చదు. కింద 5 గెలిచే మనిషి పైన మొదట్లో 3 గెలిస్తే బాగా ఆడినట్టే.

ఇప్పుడు నా పద్ధతి

ఎన్ఎల్25 నుంచి ఎన్ఎల్50కి వెళ్లడమే ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ బైఇన్ 50 డాలర్లు. బ్యాంక్‌రోల్ 1,250 డాలర్లకు, అంటే పై స్టేక్ లెక్కన 25 బైఇన్‌లకు చేరినప్పుడు షాట్, అంటే పై స్టేక్‌లో ఒక ప్రయత్నం, తీసుకోవచ్చు. షాట్‌కు కేటాయించేది 4 బైఇన్‌లు, 200 డాలర్లు. బ్యాంక్‌రోల్ 1,050కి పడిందా, ఆ క్షణమే ఎన్ఎల్25కి దిగిపోవాలి. ఆ సెషన్ అయ్యాకనో, రేపట్నుంచో కాదు. అప్పటికి ఎన్ఎల్25 లెక్కన చేతిలో 42 బైఇన్‌లు ఉంటాయి. భయపడాల్సిందేమీ లేదు. మళ్లీ 1,250కి వచ్చాక మళ్లీ షాట్. వందకు 5 బిగ్ బ్లైండ్ల చొప్పున ఆ 200 డాలర్లు తిరిగి రావడానికి సుమారు 16,000 హ్యాండ్లు పడుతుంది.

ఆ షాట్ విఫలమయ్యే అవకాశం ఎంతో లెక్క వేసి చూడండి. పై స్టేక్‌లో నిజంగానే వందకు 3 గెలిచే సత్తా ఉన్న ఆటగాడు కూడా ఎప్పుడో ఒకప్పుడు తాను మొదలుపెట్టిన చోటు నుంచి 4 బైఇన్‌లు కిందికి పడే అవకాశం 74 శాతం. నలుగురిలో ముగ్గురు! అందరూ గెలిచే ఆటగాళ్లే, అందరూ ఆ స్టేక్‌కు తగినవాళ్లే. అయినా ముగ్గురు దిగాల్సిందే. నాకు తెలిసినవాళ్లలో చాలామంది మొదటి షాట్ పోగానే “ఇది నా వల్ల కాదు” అనుకుని నెలల తరబడి కిందే ఉండిపోయారు. ఇంకొందరు “దురదృష్టం, ఇంకో రెండు బైఇన్‌లు వేస్తాను” అని అక్కడే కూర్చున్నారు. రెండూ ఒకే అపార్థం నుంచి వచ్చినవి. నాలుగు బైఇన్‌లు మీ ఆట గురించి దాదాపు ఏమీ చెప్పవు. తీర్పు చెప్పడం ఆ 4 బైఇన్‌ల పని కాదు. మీ డబ్బు ఎంతవరకు పోవచ్చో గీత గీయడమే వాటి పని.

ఆ గీత ఎంత చేస్తుందో కూడా చూడండి. ఆ 1,250 డాలర్లతో ఎన్ఎల్50లోనే, ఏమైనా సరే దిగను అని కూర్చుంటే, వందకు 3 గెలిచే ఆటగాడికి దివాలా అవకాశం సుమారు 16 శాతం. అదే మనిషి అదే డబ్బుతో, 1,050 దగ్గర దిగి, కింద వందకు 5 గెలుచుకుంటూ కోలుకుని, మళ్లీ మళ్లీ ఎక్కితే అది ఒక్క శాతం దగ్గరికి వస్తుంది. ఎంత పోగు చేశాక ఎక్కాలన్న దానికంటే ఎక్కడ దిగాలన్న నియమానికే బలం ఎక్కువని నేను అనేది ఇందుకే.

షాట్ రోజున

పెద్దగా గెలిచిన రాత్రి, ఆ ఊపులో పై టేబుల్ తెరవకండి. ఆ అంకె దాటిన సెషన్ అక్కడితో ముగించి, షాట్‌ను మర్నాటికి పెట్టుకోండి. తెరిచేటప్పుడు కూడా పాత స్టేక్‌లో రెండు టేబుళ్లు, కొత్తదానిలో ఒక్కటి. ఆ ఒక్క టేబుల్‌ను ఏరి కోరి ఎంచుకోండి. సగానికి పైగా హ్యాండ్లలో డబ్బు పెట్టే వదులు ఆటగాడు ఒకడైనా ఉండాలి, అతని ఎడమ వైపు సీటు దొరికితే ఇంకా మంచిది. అతను లేచి వెళ్లిపోతే మీరూ లేవండి. ఐదుగురు రెగ్యులర్ల (రోజూ ఆడే గట్టి ఆటగాళ్ల) మధ్య కూర్చుని మిమ్మల్ని మీరు నిరూపించుకోవడానికి షాట్ డబ్బు ఖర్చు పెట్టకండి.

వంద బిగ్ బ్లైండ్లతో పూర్తి బైఇన్ వేసుకుని కూర్చోండి. భయంతో నలభైతో కూర్చుంటే అది వేరే ఆట. కింద మీరు నేర్చుకున్నదంతా వంద బ్లైండ్ల లోతులో నేర్చుకున్నది. ఒక సెషన్‌లో రెండు బైఇన్‌లు పోతే ఆ రోజుకు కొత్త స్టేక్ చాలు. గణితంలో సెషన్‌కు అర్థం లేదని నాకు తెలుసు. కానీ రెండు బైఇన్‌లు పోయాక మూడోది ఆడే మనిషి మొదటిది ఆడిన మనిషి కాదు.

స్క్రీన్ మీద డాలర్లకు బదులు బిగ్ బ్లైండ్లు చూపించే సెట్టింగ్ చాలా సైట్లలో ఉంటుంది. దాన్ని పెట్టుకోండి. రివర్‌లో (చివరి ముక్క తెరిచాక) 60 డాలర్లు కాల్ చేయాలంటే వణికే చెయ్యి 120 బ్లైండ్లంటే అంతగా వణకదు, ఎందుకంటే ఆ అంకె మీకు కింద అలవాటైనదే. అయినా వణుకు ఆగకపోతే, ఆల్-ఇన్ అయిన (ముందున్న డబ్బంతా పందెంలో పడిన) ప్రతిసారీ డబ్బు సంగతే గుర్తొస్తుంటే, బ్యాంక్‌రోల్ ఎంతున్నా దిగండి. భయంతో ఫోల్డ్ చేసే (ముక్కలు వదిలేసే) ఆటగాడి విన్‌రేటు 3 కాదు.

2000లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచిన క్రిస్ ఫెర్గూసన్ తర్వాతి కాలంలో ఆన్‌లైన్‌లో సున్నా నుంచి 10,000 డాలర్లు చేయాలని తనకు తానే సవాలు పెట్టుకున్నాడు. ఉచిత టోర్నమెంట్లతో మొదలుపెట్టాడు. క్యాష్ గేమ్‌లోగానీ సిట్-అండ్-గోలోగానీ (సీట్లు నిండగానే మొదలయ్యే చిన్న టోర్నమెంట్) ఉన్న డబ్బులో 5 శాతానికి మించి బైఇన్ వేయకూడదని, పెద్ద టోర్నమెంట్లకైతే 2 శాతానికి మించకూడదని నియమం పెట్టుకున్నాడు. నాకు ఎక్కువ నచ్చింది మూడోది. టేబుల్ మీద తన ముందున్న డబ్బు మొత్తం బ్యాంక్‌రోల్‌లో 10 శాతం దాటితే, బ్లైండ్ తన దగ్గరికి రాగానే లేచిపోవడం. మొదట్లో ఒకట్రెండు డాలర్ల ఆటలకు మాత్రం ఈ శాతాలు సడలించుకున్నాడు. షాట్‌లో ఆ మూడో నియమాన్ని అలాగే వాడుకోవచ్చు. మీ స్టాక్ (టేబుల్ మీద మీ ముందున్న డబ్బు) రెట్టింపై, అవతల గట్టివాడి స్టాక్ కూడా రెట్టింపైతే, ఒక్క పాట్‌లో షాట్ డబ్బులో సగం అటో ఇటో అయిపోతుంది. లేచి కొత్త టేబుల్‌లో వందతో కూర్చోవడంలో చిన్నతనమేమీ లేదు.

దిగడానికి అహం అడ్డొస్తుంది. కింద మిమ్మల్ని చూసే రెగ్యులర్లు ఏమనుకుంటారో అనిపిస్తుంది. వాళ్లు ఏమీ అనుకోరు, చాలామంది అదే దారిలో వచ్చినవాళ్లే. ఇసిల్డర్1 పేరుతో ఆడిన విక్టర్ బ్లోమ్ 2009 చివర్లో ప్రపంచంలోకెల్లా పెద్ద ఆన్‌లైన్ టేబుళ్లలో ఎవరితోనైనా ఆడేవాడు. ఆ డిసెంబరులో బ్రయాన్ హేస్టింగ్స్ చేతిలో ఒక్క రోజులోనే 40 లక్షల డాలర్లకు పైగా పోగొట్టుకున్నాడు. అతని ప్రతిభను శంకించేవాళ్లు లేరు. ప్రతిభ ఉన్నవాడికీ గీత కావాలి.

మిగతా ఫార్మాట్లు, డబ్బు ఉండే చోటు

చేతికి నాలుగు ముక్కలిచ్చే పాట్-లిమిట్ ఒమాహాలో ఊగిసలాట హోల్డెమ్ కన్నా బాగా ఎక్కువ. స్టాండర్డ్ డీవియేషన్ 140 వేసుకుని అదే సూత్రంలో పెడితే, విన్‌రేటు 5తో 30 బైఇన్‌ల దివాలా అవకాశం 2.5 నుంచి 20 శాతం దాటుతుంది. అక్కడ 70, 80 బైఇన్‌లు లేకుండా నేను పైకి వెళ్లను. వందలమంది ఆడే టోర్నమెంట్లలో బహుమతి డబ్బంతా పైనున్న కొద్దిమందికే వెళ్తుంది కాబట్టి వంద బైఇన్‌లు కనీసం, ఆడేవాళ్లు వేలల్లో ఉంటే 200 కూడా ఎక్కువ కాదు.

క్యాష్‌లో పైపైకి వెళ్లే కొద్దీ కూడా బైఇన్‌ల సంఖ్య పెంచుతూ పోవాలి. ఎన్ఎల్50కి 25తో షాట్ తీసుకున్నా, ఎన్ఎల్200 నాటికి నాకు 40 కావాలి. ఆధిక్యం పలచబడుతుంది, ఊగిసలాట తగ్గదు. పోకర్ మీదే బతికేవాళ్లయితే దీనికి తోడు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి, దాన్ని బ్యాంక్‌రోల్‌లో కలిపి లెక్కేయకూడదు.

డబ్బంతా ఒకే సైటులో పెట్టకండి. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ పెద్ద పోకర్ సైట్ల మీద కేసులు బయటపెట్టాక, వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్‌లో ఆటగాళ్లకు ఇవ్వాల్సినంత డబ్బు లేదని తేలింది. మరో సైటు పోకర్‌స్టార్స్ దాన్ని తీసుకున్నాక 2012 నవంబరులో అమెరికా బయటి ఆటగాళ్లకు వాళ్ల డబ్బు అందింది. అమెరికా ఆటగాళ్లు 2014 దాకా ఆగాల్సి వచ్చింది. బ్యాంక్‌రోల్ నియమాలన్నీ తు.చ. తప్పకుండా పాటించినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. నేనైతే రెండు వారాల ఆటకు సరిపడా డబ్బే సైటులో ఉంచుతాను. మిగతాది విడి బ్యాంకు ఖాతాలో ఉంటుంది, బ్యాంక్‌రోల్ లెక్కలో రెండూ కలుస్తాయి.

నా షీటులో గడులు కొన్నే. తేదీ, స్టేక్, హ్యాండ్లు, ఫలితం, ఆల్-ఇన్ ఈవీ (అదృష్టం తీసేస్తే గెలిచే అవకాశాల సగటు) ప్రకారం రావాల్సిన ఫలితం, సెషన్ చివర మనసు ఎలా ఉందో ఒక్క ముక్క. అన్నిటికన్నా పైన, కదలకుండా ఫ్రీజ్ చేసిన వరుసలో రెండు అంకెలు: ఎక్కే అంకె, దిగే అంకె. సెషన్ మొదలుపెట్టే ముందు మొత్తాన్ని ఆ రెండింటితో పోల్చి చూస్తాను, ఏ టేబుల్ తెరవాలో అదే చెబుతుంది. ఆ రెండు అంకెల్నీ నెలలో మొదటి రోజున మాత్రమే మార్చుకోవచ్చు, అదీ ఆట మొదలుపెట్టకముందే. ఇంటి ఖర్చుకు డబ్బు తీసిన రోజు కూడా ఈ పోలిక చేయాలి. 1,300 నుంచి 300 తీస్తే మిగిలేది 1,000. ఒక్క హ్యాండ్ కూడా ఓడకపోయినా మీరు దిగే గీత కింద ఉన్నారు, తర్వాతి సెషన్ ఎన్ఎల్25లోనే.